అరుగుదల

రాళ్ళు పెట్టిన అన్నం మాది.
పోర్తో వీధులన్నీ ఏటి వైపుకే జారతాయి.
ఎక్కేటప్పుడు బొటనవేలి కింద,
దిగేటప్పుడు మడమ దగ్గర
ఊరు కొంచెం కొంచెంగా మనుషుల్ని కొరుకుతుంది.
ఆ కొరికిన చోట అతుకు వేసి
మా నాన్న నన్ను పెంచాడు,
నేను మా అమ్మాయిని నర్సింగ్ చదివించాను.

మార్చిలో రాళ్ళు కొరకడం మానేశాయి.

మొదటి వారం కత్తులన్నీ సానబెట్టాను.
రెండో వారం మేకుల్ని సైజుల వారీగా ఏరాను.
మూడో వారం ఏరినవన్నీ కలిపేసి మళ్ళీ ఏరాను,
దెవొలిండాకి చెప్పలేదు.
జిగురు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.
మూత పెట్టినా లోపల్లోపల బిగుసుకుపోతుంది.

అరలో ముప్పై ఏడు జతలు.
ప్రతి జతకీ చీటీ, ప్రతి చీటీకీ ఒక మనిషి.
విమానంలో పనిచేసే పిల్ల హైహీల్స్,
ఎదురు రెస్టారెంట్ వెయిటర్ ఎవరిస్తూ నల్ల బూట్లు,
కోర్టు గుమాస్తావి, ఎప్పుడూ ఎడమ పక్కకే అరిగేవి,
మనిషేమో కుడివైపు వంగి నడుస్తాడు, ఎందుకో నాకూ తెలీదు.
తెల్ల శాటిన్‌వి ఒక పెళ్ళికూతురివి,
చీటీ మీద ఏప్రిల్ పద్దెనిమిది అని రెండుసార్లు గీత.
అన్నిటి పనీ అయిపోయింది.
డబ్బులు వాళ్ళ జేబుల్లో, వాళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో.
జేబుల్లోనూ లేవేమో.

అద్దె మాఫీ కాలేదు, వాయిదా పడింది.
ఈ రెండు మాటలకీ తేడా
ఓనరు వాష్కొన్సెలుష్ గారు ఫోన్లో
చాలా మర్యాదగా వివరించారు.
ఆయనకీ ఆ అద్దె ఒక్కటే ఆధారం కదా అంది దెవొలిండా.
నేనేమీ అనలేదు.

సర్కారు సాయం ఇస్తోందన్నారు.
సాయం కోసం చెప్పులరిగేలా తిరగడం
ఏ కాలంలోనైనా మాలాంటి వాళ్ళకి వచ్చిన విద్యే.
ఈసారి తిరగడానికి ఆఫీసే లేదు.
నా చెప్పులు కూడా అరగలేదు.
ఫోన్లో ఫారం, కళ్ళద్దాలు పైకి తోసుకుని
దెవొలిండా చదివింది:
నిరుడితో పోలిస్తే రాబడి ఎంత శాతం తగ్గింది?
నిరుటి చిట్టా తీశాం.
సగం పనికి బిల్లే లేదు.
తెలిసినవాళ్ళకి బిల్లేంటి అనుకున్న రోజులవి.
కాగితం మీద నేనెప్పుడూ పెద్దగా సంపాదించలేదు గనుక
కాగితం మీద పెద్దగా పోగొట్టుకోనూ లేదు.
ఇంకో ప్రశ్న: మీ పని ఇంటినుంచి చేయగలరా?
చేయగలను. నడిచేవాళ్ళేరీ?
అది రాయడానికి గడి లేదు.

మే నెలలో తలుపు తెరిచిన నాలుగో రోజు
ఎవరిస్తూ వచ్చాడు,
మూతికి మాస్కు, వీపు మీద ఆకుపచ్చ పెట్టె.
రెస్టారెంట్ ఇక తెరవరట.
సైకిల్ మీద ఇతరుల భోజనాలు మోస్తున్నాడు.
అరలోని బూట్ల వైపు చూడలేదు,
కాళ్ళకున్నవి విప్పి బల్ల మీద పెట్టాడు.

నలభై ఏళ్ళుగా మనుషుల్ని అడుగు నుంచి చదువుతున్నాను.
నిండు చూలాలు మడమ మీద అరుగుతుంది,
అప్పున్నవాడు మునివేళ్ళ మీద.
ఇలాంటి రాత మాత్రం ఎన్నడూ చూడలేదు:
మడమ కొత్తగానే ఉంది,
నడిమధ్యలో పెడల్ కాటు,
కుడికాలి కొసన తోలు లేచిపోయింది.
వాలులో బ్రేకు చాలక
బతుకుని కాలితో ఆపుకున్న గుర్తు.

"టైరు ముక్క వేస్తే నిలుస్తుందా?"
పాత స్కూటర్ టైరు కోసి వేశాను,
ముందువైపు రెండు వరసలు కుట్టాను.
డబ్బులు తర్వాత ఇస్తానన్నాడు.
మరి ఆ నల్లవి?
ఉండనీ, అన్నాడు.

అతను వీధి దిగుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాను,
మలుపు దగ్గర, రాళ్ళ మీద
రబ్బరు గీసుకున్న చప్పుడు.
లోపలికొచ్చి ఈసారి బిల్లు రాశాను:
ఎవరిస్తూ. కుడికాలు. బాకీ.